జేడ్ రాయితో చేత్తో గిన్నె చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. మాది టెక్కలి దగ్గర పల్లె. రెండో ఏడాదిలో దాదాపు ఏడు నెలలు సాయంత్రాలు కూర్చుని జేడ్ రాయితో ఒక గిన్నె చేశాను. వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లు, ఎత్తు నాలుగు. అరచేతిలో పడుతుంది. దాన్ని చూసినవాళ్లు, చూడకుండా విన్నవాళ్లు కూడా అడుగుతూనే ఉన్నారు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మర్చిపోతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

జేడ్ అంటే పచ్చేనా? ఉంగరంలో పెట్టుకుంటారు, ఆ రాయేనా?

కాదు. ఉంగరంలో పెట్టుకునే పచ్చ అంటే మరకతం. అది బెరిల్ జాతి రాయి. గట్టిదే గానీ పెళుసు, దెబ్బ తగిలితే బీటలిస్తుంది. జేడ్ వేరు. జేడ్ అనే పేరు కింద కూడా రెండు వేరు వేరు రాళ్లున్నాయి: నెఫ్రైట్, జేడైట్. చూపుకి ఒకేలా ఉండే ఈ రెండూ రసాయనపరంగా వేరని 1863లో ఫ్రెంచి శాస్త్రవేత్త అలెక్సిస్ డామూర్ తేల్చాడు. జేడైట్‌కి పేరు పడింది మయన్మార్‌లోని కచిన్ ప్రాంతం. పాతకాలపు చైనా పనితనం, మన మొగలుల పనితనం ఎక్కువగా నెఫ్రైట్ మీదే. నా గిన్నె కూడా నెఫ్రైటే. ముదురు ఆకుపచ్చ, అక్కడక్కడా నల్ల చుక్కలు. తెల్ల నెఫ్రైట్ కూడా ఉంటుంది, దానికి ధర ఎక్కువ.

శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో దొరుకుతుందా?

లేదు. మన కొండల్లో ఉండేది ఖొండలైటు, గ్రానైటు, చార్నొకైటు. టెక్కలి వైపు నీలి గ్రానైటుకి ఎంతో పేరు. ఖొండలైటులో ఎర్ర చుక్కల్లా కనిపించేవి గార్నెట్లు. మన తీరంలో ఇసుక ఎర్రగా కనిపించే కొన్నిచోట్ల కూడా గార్నెట్టే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, జేడ్ మన దగ్గర లేదు గానీ జేడ్‌ని అరగదీయగల ఇసుక మన కాళ్ల కింద ఉంది. పూర్వం చాలాచోట్ల క్వార్ట్జ్ ఇసుకతోనూ గార్నెట్ ఇసుకతోనూ జేడ్ పని చేశారు. అలాగని బీచ్‌కి వెళ్లి బస్తాల్లో ఎత్తుకురావద్దు. తీరపు ఖనిజ ఇసుక తవ్వకం ప్రైవేటు వాళ్లకు నిషేధం. పైగా దుకాణంలో దొరికే కార్బొరండం అనే సానబెట్టే పొడి దానికంటే ఎంతో చురుగ్గా కోస్తుంది.

నా రాయి జైపూర్ నుంచి పార్సిల్‌లో వచ్చింది. రాళ్ల వ్యాపారానికి జైపూర్ పెద్ద కేంద్రం.

అది అసలైన జేడ్ అని ఎలా తెలిసింది?

ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న. మన మార్కెట్‌లో ‘ఇండియన్ జేడ్’ అని అమ్మేది చాలావరకు అవెంచురిన్, అంటే ఆకుపచ్చ క్వార్ట్జ్. ‘న్యూ జేడ్’ అనేది సర్పెంటైన్ అనే ఇంకో మెత్తటి రాయి. రెండూ మంచి రాళ్లే గానీ జేడ్ కాదు.

వంటింట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. ముందు రాయిని ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూయాలి. తర్వాత నీళ్లున్న గిన్నెను త్రాసు మీద పెట్టి అంకె సున్నా చేయాలి. రాయిని దారంతో కట్టి, అడుగుకి గానీ అంచుకి గానీ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం. నా రాయి బరువు 1485 గ్రాములు. నీళ్లలో వేలాడదీస్తే త్రాసు 501 చూపించింది. భాగిస్తే 2.96. నెఫ్రైట్ సాంద్రత మూడుకి అటూ ఇటూగా ఉంటుంది. అవెంచురిన్ అయితే 2.65 దగ్గర, సర్పెంటైన్ అయితే 2.6 దగ్గర ఆగుతుంది. జేడైట్ 3.3 దాకా పోతుంది. అమ్మ త్రాసు పట్టుకుంటే, చెయ్యి వణక్కుండా నేను దారం పట్టుకున్నాను. 2.96 వచ్చినప్పుడు కలిగిన ధైర్యం ఏ సర్టిఫికెట్ చూసినా రాలేదు.

ఇంకోటి: చాకు మొనతో మూలన గీయండి. సర్పెంటైన్ మీద సాధారణంగా గీత పడుతుంది. నెఫ్రైట్ మీద చాకు ఇనుమే గీతలా అంటుకుంటుంది, తుడిస్తే పోతుంది.

ఉలి, సుత్తి పెట్టి చెక్కితే త్వరగా అయిపోదా?

జేడ్‌ని చెక్కరు, అరగదీస్తారు. ఈ పని మొత్తం ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

మా మావయ్య టెక్కలి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. చిన్నప్పటి నుంచి రాయి మధ్యే పెరిగాడు. రాయి వచ్చిన రోజు మూల ముక్క ఒకటి తీసుకుని ఉలి పెట్టి కొట్టాడు. ఉలి జారింది. మళ్లీ కొట్టాడు. రాయి మీద తెల్లటి మచ్చ పడింది, అంతే. “ఏటమ్మా ఇది, రాయా, టైరా?” అన్నాడు.

గట్టిదనం చూస్తే గ్రానైటే ఎక్కువ. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ మోస్ కొలతలో 7, నెఫ్రైట్ 6 నుంచి 6.5 మాత్రమే. అయినా గ్రానైట్ ఉలికి లొంగుతుంది. ఎందుకంటే అది గింజలు గింజలుగా అతుక్కున్న రాయి. దెబ్బ వేస్తే గింజకీ గింజకీ మధ్య విడిపోతుంది. నెఫ్రైట్ లోపల కంటికి కనపడనంత సన్నని పీచులు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాయి. ఉద్దానం వైపు వాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు: కొబ్బరి పీచుని చేత్తో చింపబోతే ఎలా ఉంటుందో అలా. పుల్లలా విరిగేది కాదు. బీట ఒకటి మొదలైనా పీచు దగ్గర ఆగిపోతుంది.

అందుకే జేడ్ మీద పనిముట్టు కంటే పొడి ముఖ్యం. రాగి, ఇనుము, వెదురు, దారం, ఏదైనా సరే పొడిని అక్కడికి తీసుకెళ్లి రుద్దడానికే. కోసేది పొడి. అమ్మ గంధపు చెక్కని సాన మీద అరగదీసేటప్పుడు గంధం ఎలా వస్తుందో, ఇక్కడ కూడా అలాగే బూడిదరంగు పేస్టు వస్తుంది. అది వస్తుంటే పని జరుగుతున్నట్టు.

అలా అరగదీసి గిన్నెలు చేసినవాళ్లు ఇంతకుముందు ఉన్నారా?

ఉన్నారు. చైనాలో లియాంగ్జు సంస్కృతి వాళ్లు దాదాపు అయిదు వేల ఏళ్ల కిందట లోహపు పనిముట్లు లేకుండానే జేడ్‌లో గుండ్రటి రంధ్రాలు తొలిచారు. మన దేశంలో మొగలుల కాలంలో ఈ పని శిఖరానికి వెళ్లింది. షాజహాన్ పానపాత్ర ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. 1657 నాటిది, తెల్ల నెఫ్రైట్. సొరకాయని సగానికి కోసిన ఆకారం, అడుగున తామర రేకులు, పిడి దగ్గర మేక తల. తర్వాత చైనాని ఏలిన చియాన్‌లాంగ్ చక్రవర్తి హిందుస్థానీ జేడ్ అంటే పడిచచ్చేవాడు. అందులో గోడలు పలచగా ఉండటమే ఆయనకి ఆశ్చర్యం.

లండన్ దాకా వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ వస్తువులున్నాయి. జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్ల కత్తి అక్కడే చూశాను. రాయి కొనకముందే ఒకసారి వెళ్లి చూడండి. ఫొటోలో అంచు పలచదనం తెలియదు.

మొదటిసారే జేడ్ మీద మొదలుపెట్టొచ్చా?

వద్దు. నేను ముందు బలపం రాయి మీద రెండు గిన్నెలు చేశాను. అది గోరుతో గీసినా గీత పడేంత మెత్తన. ఆకారం కళ్లకీ చేతికీ అలవాటు కావడానికి అదే మంచి రాయి. మోడల్‌గా ఇంట్లో ఉన్న కొబ్బరి చిప్పని పెట్టుకున్నాను. తర్వాత గ్రానైట్ ముక్కలో ఒక్క రంధ్రం తొలిచాను. అది మావయ్య పెట్టిన పరీక్ష. అది అయ్యాకే జేడ్ ముట్టుకున్నాను.

ఏమేం వస్తువులు కావాలి?

తక్కువే. కార్బొరండం పొడి 80, 220, 400 నంబర్లలో; నంబరు పెరిగేకొద్దీ గింజ సన్నం. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర మిగిలిన అరంగుళం రాగి గొట్టం ముక్కలు. వడ్రంగులు రంధ్రాలు వేయడానికి వాడే బరమా, దాన్ని తిప్పడానికి కమాను. వాటర్ పేపర్ 600 నుంచి 2000 దాకా. రాయిని చెక్క పలకకి అంటించడానికి లక్క. బంకమట్టి. మందం కొలవడానికి ఒక కాలిపర్. రెండు బకెట్లు. పాత చెప్పు తోలు. చివర్లో మెరుపుకి క్రోమియం ఆక్సైడ్ అనే ఆకుపచ్చ పొడి. పెద్ద పెద్ద మూలలు తీసేయడానికి రంపం చట్రానికి సన్నని ఇనుప తీగ బిగించి, కార్బొరండం పొడి కలిపిన నీళ్లు పోస్తూ కోశాను. గంటకి బియ్యపుగింజ మందం దిగేది.

లోపల ఎలా తొలిచారు? అంత నున్నగా ఎలా వచ్చింది?

దీనికి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఏడు నెలల్లో నాలుగు నెలలు దీనికే పోయాయి.

ముందు లోపల తొలవాలా, బయట ఆకారం తేవాలా అని చాలామంది అడుగుతారు. ముందు లోపలే చేయమని నా సలహా. బయట రాయి దిమ్మలా ఉన్నంతసేపు పలక మీద కదలకుండా కూర్చుంటుంది, గోడకి బలం ఉంటుంది. బయట ముందే గుండ్రంగా చేసేస్తే దాన్ని పట్టుకోవడమే పెద్ద తలనొప్పి.

పలక మీద లక్క కరిగించి దిమ్మని అంటించాను. పైన పెన్సిల్‌తో వృత్తం గీసి, అందులో పంతొమ్మిది చోట్ల గుర్తు పెట్టాను. ఒక్కో గుర్తు చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టాను, చంటిపిల్లలు ఇసుకలో బావి కట్టినట్టు. అందులో 80 నంబరు పొడి చిటికెడు, నీళ్లు నాలుగు చుక్కలు. బరమాకి రాగి గొట్టం బిగించి, కమానుతో అటూ ఇటూ తిప్పడమే. రాగి మెత్తన కాబట్టి గింజలు దాని అంచులో గుచ్చుకుంటాయి. అప్పుడు ఆ గొట్టమే రంపం పళ్లలా పనిచేస్తుంది. చెవి పెట్టి వినాలి. మొదట కరకరమని శబ్దం వస్తుంది. అయిదు నిమిషాలకి అది బుసబుసగా మారుతుంది. అంటే గింజలు నలిగిపోయాయి, కొత్త పొడి వేయాలి. శబ్దం తగ్గాక గట్టిగా నొక్కితే ఉపయోగం లేదు, చెయ్యి నొప్పే మిగులుతుంది. నాకు ఇది తెలియడానికి రెండు వారాలు పట్టింది.

ఒక్కో రంధ్రానికి రెండు మూడు సాయంత్రాలు. గొట్టం దిగేకొద్దీ మధ్యలో సన్నని కడ్డీ నిలబడుతుంది. గ్రానైట్‌లో అయితే గాడిలో సన్నని చీల పెట్టి తడితే అడుగున టప్పుమని ఊడుతుంది. జేడ్‌లో అంత సులువు కాదు. పంతొమ్మిదిలో పద్నాలుగు ఊడాయి. మిగతా అయిదు దగ్గర పక్కనుంచి మళ్లీ రంధ్రం వేసి అరగదీయాల్సి వచ్చింది.

లోతు తెలియడానికి గొట్టానికి దారం చుట్టి గుర్తు పెట్టాను. మధ్య రంధ్రం దగ్గర తడిసిన దారం పైకి జారింది, నేను చూడలేదు. నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ దిగిపోయింది. గిన్నె కింద చిన్న పీఠం ఉండాలని అనుకున్నాను. దానికోసం ఉంచిన రాయే అరిగిపోయింది. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. చివరికి పీఠం వదిలేసి, గిన్నె లోతే పెంచి, అడుగుని కాస్త చదును చేశాను. మీరు దారం కాకుండా నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టండి.

కడ్డీలు తీశాక లోపల తేనెపట్టులా ఉంటుంది. ఆ గోడలన్నీ కలిపి ఒక్క వంపు చేయాలి. గుండ్రటి చివర ఉన్న కర్ర, దానికి కొట్టిన రాగి రేకు, 220 పొడి, నీళ్లు. కర్రని ఒకే దారిలో తిప్పితే అక్కడ గుంట పడుతుంది. ఎనిమిది అంకె రాస్తున్నట్టు తిప్పాలి. మధ్యమధ్యలో గిన్నెని కాస్త జరపాలి.

గోడ మందం ఎలా తెలుస్తుంది? పగిలిపోతుందని టెన్షన్ ఉండదా?

కాలిపర్ ఉంది గానీ నేను ఎక్కువ నమ్మింది వెలుతురునే. నెఫ్రైట్‌లోంచి కొంచెం వెలుగు దాటుతుంది. ఒకరోజు రాత్రి కరెంట్ పోయినప్పుడు ఫోన్ టార్చి వెలిగించి గిన్నెలో బోర్లా పెట్టాను. నల్లగా కనిపించే గిన్నె ఒక్కసారిగా లేత అరటాకు రంగులోకి మారింది. ఒకవైపు మాత్రం మబ్బు పట్టినట్టు ముదురుగా ఉంది. అంటే అక్కడ గోడ మందం. అక్కడే పెన్సిల్‌తో గుర్తు పెట్టి, మర్నాడు అటువైపే అరగదీశాను. అప్పటినుంచి ప్రతి ఆదివారం రాత్రి ఇంట్లో దీపాలన్నీ ఆర్పి ఇలా చూసేవాళ్లం. ఇంటి ఓనర్ పిన్నిగారు కూడా వచ్చి కూర్చునేవారు.

నా గిన్నె గోడ నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఆపాను. చెయ్యి తిరిగినవాళ్లు ఇంకా పలచగా చేయగలరు. నాకు ధైర్యం చాలలేదు, ఆపడం మంచిదే అయింది.

మెరుపు ఎలా వస్తుంది?

ఓపికతో, శుభ్రంతో. ఒక్కో నంబరు ముందు నంబరు వేసిన గీతలు పూర్తిగా పోయేదాకా వాడాలి. గీత మిగిల్చి ముందుకెళ్తే అది తర్వాత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

800 దగ్గర నాకు రోజూ రెండు మూడు పొడవాటి గీతలు పడేవి. పేపరు మార్చాను, నీళ్లు మార్చాను, చేతులు గోళ్ల సందుల దాకా కడిగాను. అయినా పడేవి. చివరికి చూస్తే చున్నీ అంచులో 220 పొడి గింజలు ఇరుక్కుని ఉన్నాయి. గిన్నెని తుడిచిన ప్రతిసారీ నేనే గీస్తున్నాను. మళ్లీ 400కి వెనక్కి వెళ్లాను. నంబరు మారినప్పుడల్లా బకెట్, మగ్గు, గుడ్డ, మీ బట్టలు కూడా మార్చండి.

చివర్లో నెఫ్రైట్ ఇంకో మొండితనం చేస్తుంది. పీచులు ఒక్కోటి ఒక్కో దిక్కుకి ఉంటాయి కాబట్టి కొన్ని ఎక్కువ అరిగి, కొన్ని తక్కువ అరిగి, పైభాగం నారింజ తొక్కలా గతుకుగా తయారవుతుంది. గట్టిగా రుద్దితే ఇంకా పెరుగుతుంది. మార్గం ఒక్కటే: 2000 దాకా తేలిగ్గా రుద్ది, తర్వాత తడి తోలు మీద క్రోమియం ఆక్సైడ్ రాసి నెమ్మదిగా రుద్దడం. తోలు ఆరిపోబోతున్న దశలో కాస్త పట్టేసినట్టు అనిపిస్తుంది, మెరుపు వచ్చేది అప్పుడే. అది అద్దంలా మెరవదు. నూనె రాసినట్టు మెత్తగా మెరుస్తుంది. నెఫ్రైట్‌కి అదే అందం.

దుమ్ము ప్రమాదం కాదా?

ప్రమాదమే. ఈ ఒక్క జవాబు మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

నెఫ్రైట్‌లో ఉండేవి ట్రెమొలైట్, ఆక్టినొలైట్ ఖనిజాలు. ఇవే ఖనిజాలు విడివిడి పీచులుగా ఏర్పడితే ఆస్బెస్టాస్ అంటారు. నెఫ్రైట్‌లో పీచులు బిగుసుకుని ఉంటాయి, గిన్నెని పట్టుకుంటే ఏమీ కాదు. కానీ దాని పొడిని పీల్చకూడదు. రాళ్ల పనిలో ఊపిరితిత్తులు పాడైనవాళ్లు మన జిల్లాల్లో ఎంతోమంది కుటుంబాలకు తెలుసు. గ్రానైట్ దుమ్ములోని సిలికాతో వచ్చే జబ్బుకి మందు లేదు.

కాబట్టి ఎప్పుడూ తడిలోనే పని. ఆరిన రాయి మీద ఒక్క నిమిషం కూడా రుద్దొద్దు. మాస్కు కట్టుకోవాలి గానీ, మాస్కు ఉంది కదా అని పొడిగా రుద్దకూడదు. వంటగదిలో, పడకగదిలో ఈ పని పెట్టకండి. నేను పెరట్లో బట్టలుతికే బండ దగ్గర చేసేదాన్ని. పని అయ్యాక బండని చీపురుతో ఊడవకుండా నీళ్లతో కడగాలి. బురద బకెట్‌లో పేరుకున్నాక పైనీళ్లు వంపేసి, అడుగుది తడిగా ఉండగానే కవర్లో మూటకట్టి పారేయాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

డ్రిల్లింగ్ మెషిన్ వాడితే తప్పా?

తప్పేం లేదు. డైమండ్ బిట్లతో చేస్తే నెలలు వారాలవుతాయి. కానీ నీళ్లు, కరెంటు ఒకచోట ఉంటాయి, షాక్ కొడితే కరెంటు ఆగిపోయే ఆర్‌సీసీబీ లేకుండా ముట్టుకోవద్దు. మెషిన్ వేగానికి దుమ్ము, తుంపర ఎక్కువ లేస్తాయి కూడా. నేర్చుకునే మొదటి గిన్నె మాత్రం చేత్తోనే చేయమంటాను. చేత్తో చేస్తే తప్పు కూడా నెమ్మదిగానే జరుగుతుంది, మధ్యలో ఆపే వీలుంటుంది.

ఖర్చు ఎంత? చదువు ఏమైంది?

రాయికి ఒక సెమిస్టర్ మెస్ బిల్లంత అయింది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టాను. మిగతా సామాను రాయి ధరలో పావు వంతు కూడా కాలేదు. రోజుకి గంటన్నర, పరీక్షల ముందు నెల పూర్తిగా ఆపేశాను. అమ్మకి మొదట ఇష్టం లేదు. కూర్చుని రాయి రుద్దితే ఏమొస్తుంది అంది. ఆమెది న్యాయమైన భయమే. మార్కులు తగ్గలేదని చూశాక ఆ భయం పోయింది.

పూర్తయ్యాక బరువెంత?

సుమారు 150 గ్రాములు. కొన్న రాయిలో పదో వంతు.

అందులో తినొచ్చా? విషం ఉంటే రంగు మారుతుందంటారు, నిజమేనా?

రంగు మారడం కట్టుకథ. శుభ్రంగా కడిగాక పొడి పదార్థాలు పెట్టుకోవచ్చు. పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. మరిగే నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా వేడెక్కితే బీట రావచ్చు. మా ఇంట్లో అమ్మ దాంట్లో పటికబెల్లం పెట్టి దేవుడి దగ్గర ఉంచుతుంది.

అమ్ముతారా?

అమ్మను.

మిగిలిన ముక్కలు ఏం చేశారు?

మూలల నుంచి కోసిన ముక్కల్లో రెండు సానబెట్టి లాకెట్లు చేశాను. ఊడిన పద్నాలుగు కడ్డీల్లో ఒకటి మావయ్య తీసుకున్నాడు. చొక్కా జేబులో పెట్టుకుని యూనిట్‌లో అందరికీ చూపిస్తాడు, సుత్తి ఇచ్చి పగలగొట్టమంటాడట. మిగతా పదమూడు ఒక సీసాలో ఉన్నాయి. విజయనగరంలో ఎవరైనా ఈ పని నేర్చుకోవాలనుకుంటే, రాయి కొనకముందు వచ్చి వాటిలో ఒక కడ్డీని 220 పొడితో ఒక సాయంత్రం అరగదీసి చూడండి. పొడి, నీళ్లు నేనిస్తాను. చున్నీ గానీ తువ్వాలు గానీ ఇంట్లో వదిలి రండి.